వందో పల్సు తాకేది వేరే లోహాన్ని

మా షాపులోకి వచ్చేవారిలో చాలామంది ముందుగా అడిగేది లోహం మీద రాసే మా లేజర్ మిషన్ ఎన్ని వాట్లని. బోరు మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్ళు, పెళ్ళి సామాన్ల మీద పేర్లు వేయించుకునేవాళ్ళు, మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి షాఫ్టుల మీద నంబర్ల కోసం వచ్చే ఫిట్టర్లు, అందరిదీ అదే ప్రశ్న. 20 వాట్లు అనగానే ముఖాలు చిన్నబోతాయి. మొన్న దేవరకొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలదీశారు కూడా. "మా ఇంట్లో పాత బల్బే 60 వాట్లు తల్లీ. 20 వాట్లతో ఇనుము మీద రాత పడుతుందంటే ఎలా నమ్మేది?" ఆయన తెచ్చిన నేమ్ ప్లేటు మీద హార్స్ పవర్, సీరియల్ నంబరు కళ్ళముందే పడ్డాక నమ్మారు. కానీ ఎలా పడిందో వివరంగా చెప్పే తీరిక దొరకలేదు, వెనుక మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయనకు చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో మాది చిన్న మార్కింగ్ షాపు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఈ పనిలోకి వచ్చాక నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. ఒక పల్సు, అంటే లేజర్ విసిరే ఒక్క కాంతి దెబ్బ, పడ్డాక లోహం ఎలా మారింది? మారిన ఆ చోట తర్వాతి పల్సు ఎంతసేపటికి, ఎంత దూరంలో పడింది? మార్కింగ్ పనంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. వాట్ల సంగతి ఆ తర్వాతే.

ముందు లెక్క చూడండి. నా దగ్గరున్నది ఫైబర్ లేజర్. యిటెర్బియం అనే మూలకం కలిపిన సన్నని గాజు పోగులో కాంతి పుడుతుంది. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, కంటికి కనిపించదు. ఆ కాంతి ధారగా రాదు, విడివిడి పల్సులుగా వస్తుంది. ఒక్కో పల్సు సుమారు 100 నానోసెకన్లు. ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ పెడితే సెకనుకు 20,000 పల్సులు. 20 వాట్లను 20,000తో భాగిస్తే పల్సుకు ఒక మిల్లీజౌల్ వస్తుంది. ఇది చాలా చిన్న మొత్తమే. అయితే సెకనులో కోటో వంతులో అదంతా బయటికి వచ్చేస్తుంది కాబట్టి, ఆ క్షణానికి లేజర్ పవర్ 10,000 వాట్లు. లెన్సు దాన్ని 50 మైక్రాన్ల చుక్కలోకి, అంటే దాదాపు తల వెంట్రుక మందమంత చోటులోకి కుదిస్తుంది. పెద్దాయన బల్బు తన 60 వాట్లనూ గదంతా పరుస్తుంది.

ఇంకొక సంగతి. పల్సుకూ పల్సుకూ మధ్య విరామం 50 మైక్రోసెకన్లు. పల్సు ఉండే కాలానికి ఇది 500 రెట్లు. అంటే మిషన్ ఆగకుండా రాస్తున్నట్టు కనిపిస్తున్నా, ఎక్కువ కాలం లేజర్ ఆగే ఉంటుంది. లోహం ఆ విరామంలోనే మారుతుంది. పల్సుకు కరిగినది పొంగుతుంది, గడ్డకడుతుంది, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. తర్వాతి పల్సు వచ్చేసరికి అక్కడున్నది మునుపటి లోహం కాదు.

ఈ మాట నాకు మొదట అందించింది మా నాన్న. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఉలి, సుత్తితో ఇత్తడి బిందెల మీద, రాగి చెంబుల మీద పేర్లు చెక్కారు. స్టీలు సామాన్లు వచ్చాక గడగడలాడే కరెంటు మిషన్‌తో చుక్కలు చుక్కలుగా వేశారు. ఇప్పటికీ మధ్యాహ్నం పూట షాపుకొచ్చి కూర్చుని, నేను వేసిన ప్రతి మార్కు మీదా బొటనవేలు రాసి చూస్తారు. లేజర్ ఎలా పనిచేస్తుందో నేను చెబుతుంటే మధ్యలో ఆపి అడిగారు. "మొదటి దెబ్బకీ పదో దెబ్బకీ లోహం ఒకేలా ఉంటుందా అమ్మా?" రాగి పని తెలిసినవాళ్ళు అడగవలసిన ప్రశ్నే అది. సుత్తితో కొట్టేకొద్దీ రాగి బిగుసుకుంటుంది. ఒక హద్దు దాటి కొడితే చిట్లుతుంది. అందుకే మధ్యలో ఎర్రగా కాల్చి మెత్తబరుస్తారు. సుత్తి పైకి లేచాక కూడా దెబ్బ లోహంలో నిలిచే ఉంటుంది. లేజర్ పల్సు కూడా అలాగే నిలిచిపోతుంది, నిలిచే తీరు వేరు.

నున్నగా పాలిష్ పట్టిన స్టీలు మీద మొదటి పల్సు పడిందనుకోండి. అందులో సగానికి పైగా కాంతి అద్దం మీద నుంచి పోయినట్టు వెనక్కి పోతుంది. లోహం తీసుకున్న మిగతా కాంతి పైనున్న కొన్ని పదుల నానోమీటర్ల పొరలోనే ఆగిపోతుంది. అక్కడి ఎలక్ట్రాన్లు ముందు వేడెక్కి, కొద్ది పికోసెకన్లలోనే (పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు) ఆ వేడిని పరమాణువుల అమరికకు అందిస్తాయి. పల్సు ముగిసేలోపు ఆ వేడి స్టీలులో లోపలికి వెళ్ళేది ఒక మైక్రాను మేరకే. కాబట్టి ఆ పలుచని పొర కరిగిపోతుంది, కొంత ఆవిరవుతుంది. ఆవిరి పైకి ఎగిసే ఒత్తిడికి కరిగిన లోహం అంచులకు నెట్టుకుపోయి అక్కడే గడ్డకడుతుంది. మిగిలేది ఒక చిన్న గుంట, చుట్టూ లేచిన గట్టు, మీద పలుచని ఆక్సైడ్ పొర.

రెండో పల్సుకు ఎదురయ్యేది ఆ గుంట. దాని గోడల మధ్య కాంతి ఒకటికి రెండుసార్లు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ కొంత లోపలికి పోతుంది. ఆక్సైడ్ పొర కూడా మెరిసే లోహం కన్నా ఎక్కువ కాంతిని పీలుస్తుంది. వచ్చింది అదే మిల్లీజౌల్, కానీ ఈసారి పనికొచ్చిన వాటా పెరిగింది. మూడో పల్సుకు ఇంకొంచెం.

అందుకే నా పనిలో స్పీడు అనే అంకెకు అంత విలువ. కాంతిని కదిపే గాల్వో అద్దాలు చుక్కను సెకనుకు 800 మిల్లీమీటర్ల వేగంతో నడిపితే, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పల్సుకూ తర్వాతిదానికీ మధ్య 40 మైక్రాన్ల దూరం. చుక్క వెడల్పు 50 మైక్రాన్లు కాబట్టి అంచులు మాత్రమే కలుస్తాయి. కంప్యూటర్‌కు తగిలించే చిన్న మైక్రోస్కోపు కింద చూస్తే గుండ్రని గుంటలు ఒకదాని అంచును ఒకటి తొక్కుతూ వరుసగా కనిపిస్తాయి. వేగాన్ని 100కు తగ్గిస్తే దూరం 5 మైక్రాన్లు. ప్రతి చోటా పది పల్సులు పడతాయి. అప్పుడు విడివిడి గుంటలు కనిపించవు. ఒక కాలువ, దాని ఒడ్డున చిట్లిపడి గడ్డకట్టిన బిందువులు, అడుగున నల్లని గరుకు. పవర్ మార్చలేదు, ఫ్రీక్వెన్సీ మార్చలేదు. అయినా రెండు చోట్లా లోహం పోలిక లేనంతగా మారింది.

పల్సులు పోగుపడే కొద్దీ లోహం దెబ్బతినడం సులువవుతుందని 1988లో జీ, బెకర్, వాల్సర్ అనే పరిశోధకులు కొలిచి చూపించారు. ఒక్క పల్సుతో ఉపరితలం పాడవ్వాలంటే కొంత కనీస శక్తి కావాలి. అంతకన్నా తక్కువ శక్తితో కొడితే మొదటిసారి ఏమీ కనిపించదు. కానీ అక్కడే మళ్ళీ మళ్ళీ కొడితే ఒక దశలో పాడవుతుంది. వాళ్ళ సూత్రంలో పల్సుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ కనీస శక్తి ఒక ఘాతం ప్రకారం తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె చాలా లోహాలకు 0.8 నుంచి 0.9 మధ్య ఉంటుంది. అది 1 అయితే లోహానికి వెనకటి పల్సుల జ్ఞాపకమే లేదని అర్థం. 0.85 అనుకుని లెక్కకడితే, వంద పల్సులయ్యేసరికి ఒక్క పల్సుకు కావలసిన శక్తిలో సగం చాలు. వాళ్ళు దీన్ని లోహం అలసటతో ముడిపెట్టారు. పల్సు పడ్డప్పుడల్లా పై పొర వేడికి వ్యాకోచించి, చల్లారి కుంచించుకుపోతుంది. కంటికి కనిపించకపోయినా లోపల పరమాణువుల వరుసలు కొద్దికొద్దిగా జారిపోతాయి, ఆ జారుడు పోగవుతుంది. మిల్లు ఫిట్టర్లకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. షాఫ్టు విరిగేది ఎప్పుడో పడ్డ ఒక్క పెద్ద బరువు వల్ల కాదు, రోజూ పడే చిన్న బరువుల వల్లనని వాళ్ళకు తెలుసు.

నా బల్ల మీద 304 గ్రేడు స్టీలు ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అరచేయంత ఉంటుంది. దాని మీద చదరపు గళ్ళు వేసి ఉంచాను. పక్కకు వెళ్ళేకొద్దీ వేగం తగ్గుతుంది, కిందికి వచ్చేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. షాపుకొచ్చిన పిల్లలు ముందు చేయి పెట్టేది దాని మీదే. పై వరుసలో గళ్ళన్నీ తెల్లటి, బూడిద రంగు గరుకులు. కింది వరుసల్లోకి దిగితే రంగులు మొదలవుతాయి. లేత పసుపు, బంగారు వన్నె, ఆ పక్కనే ఎర్ర గోధుమ, ఊదా, తర్వాత నెమలి మెడలో మెరిసేలాంటి నీలం. రంగు డబ్బా ఏదీ వాడలేదు. లోహం తన మీద తాను పెంచుకున్న ఆక్సైడ్ పొర మందం మారితే రంగు మారింది, అంతే. ఆ పొర పై నుంచి వెనక్కి వచ్చిన కాంతి, కింది నుంచి వచ్చిన కాంతి కలుసుకున్నప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఆరిపోతాయి. పొర కొన్ని పదుల నానోమీటర్లు మందమైతే చాలు, బంగారు వన్నె ఊదాలోకి జారుతుంది.

ఈ రంగులు రావాలంటే ఫ్రీక్వెన్సీ ఎందుకు పెంచాలి? 200 కిలోహెర్ట్జ్ పెడితే పల్సుకు మిగిలేది మిల్లీజౌల్‌లో పదో వంతు. దాన్ని ఫోకస్ నుంచి కొద్దిగా తప్పిస్తే లోహాన్ని తవ్వే బలం దానికి చాలదు. కానీ పల్సుల మధ్య విరామం 5 మైక్రోసెకన్లకు తగ్గింది. అంతలో వేడి స్టీలులో 9 మైక్రాన్ల దూరం కూడా పోలేదు, చుక్క దాటి బయటికే వెళ్ళలేదు. వెనకటి పల్సు వేడి ఆరకముందే తర్వాతిది వచ్చి పడుతుంది. వేడి మీద వేడి చేరి, లోహం ఎగిరిపోకుండా, నిలకడగా కాగి ఆక్సైడ్ పెంచుకుంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర తవ్విన ఆ 20 వాట్లే ఇక్కడ రంగు వేస్తున్నాయి. పవర్ ఎక్కువుంటే రంగులు బాగా వస్తాయని మిషన్లు అమ్మేవాళ్ళు చెబుతుంటే నాకు బాధగా ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు అప్పు చేసి పెద్ద మిషన్ కొంటున్నారు. వాళ్ళకు కావలసింది ఒక స్టీలు ముక్క, కొంత ఓపిక.

స్టీలు గురించి చెబుతూ తుప్పు మాట దాటేయలేను. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద ఉండే కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర. వరుస పల్సులతో ఎక్కువసేపు కాల్చినప్పుడు పైన మందపాటి ఆక్సైడ్ పెరుగుతుంది. ఆ క్రమంలో కింది పొరలో క్రోమియం తగ్గిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగిన చోట, ముఖ్యంగా ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్ళు తగిలితే, అక్షరాలు పడినచోటే తుప్పు మొదలవుతుంది. పాల క్యాన్లు, ఆసుపత్రి పనిముట్లు తెచ్చేవాళ్ళు "ఇంకా నల్లగా, ఇంకా లోతుగా" అని అడుగుతారు. వాళ్ళకు నేను పలుచని నల్ల మార్కే వేస్తాను, ఒప్పుకోకపోతే పని తీసుకోను. కత్తెరలు, ఫోర్‌సెప్స్ రోజూ ఆవిరిలో ఉడుకుతాయి. తవ్విన అక్షరాల గరుకులో మురికి నిలిచే అవకాశం కూడా ఉంది. వేసిన తర్వాత సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ (కాపాడే పొర మళ్ళీ ఏర్పడేలా చేసే శుద్ధి) చేయించుకోమని చెబుతాను. పని అయిపోయాక ఇంకా ఖర్చెందుకు అని కొందరు విసుక్కుంటారు, అయినా చెబుతాను.

ఇక నా మిషన్‌తో రాని సంగతికి వస్తాను. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది అదే. 1960లో మైమన్ మొదటి రూబీ లేజర్ వెలిగించారు. 1965లో బిర్న్‌బామ్ అనే శాస్త్రవేత్త రూబీ లేజర్ తాకిన సెమీకండక్టర్ ఉపరితలాల మీద సమానమైన ఎడంతో సన్నని గీతలు ఏర్పడడం గమనించారు. ఎవరూ గీయని గీతలు అవి. తర్వాత లోహాల మీద, గాజు మీద కూడా కనిపించాయి. గీతకూ గీతకూ మధ్య దూరం చాలాసార్లు ఆ కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది. లోహాల మీద అవి కాంతి ధ్రువణ దిశకు, అంటే కాంతి తరంగం ఊగే దిశకు, అడ్డంగా వస్తాయి. ధ్రువణాన్ని తిప్పితే గీతలూ తిరుగుతాయి.

ఎలా వస్తాయన్న దానికి 1983లో సైప్, ఆయన సహచరులు ఇచ్చిన వివరణే నేటికీ పునాది. లోహం ఎంత పాలిష్ పట్టినా దాని మీద ఎక్కడో చిన్న గీత, చిన్న గరుకు ఉంటాయి. కాంతి దానికి తగిలి చెదిరి, కొంత ఉపరితలం వెంబడే అలగా పరుగెత్తుతుంది. ఆ అల, పైనుంచి పడుతున్న కాంతి కలిసి ఒకచోట బలంగా, ఒకచోట బలహీనంగా చారలు కడతాయి. బలంగా ఉన్న చారల్లో లోహం కొంచెం ఎక్కువ పోతుంది. ఇక్కడే పల్సులు మళ్ళీ మళ్ళీ పడడం ఎందుకు అవసరమో తెలుస్తుంది. మొదటి పల్సు మిగిల్చేది క్రమంలేని గరుకు మాత్రమే. ఆ గరుకులో అలకు సరిపోయే ఎడం ఉన్న భాగం రెండో పల్సు కాంతిని తనవైపు కొంచెం ఎక్కువగా మళ్ళిస్తుంది, కాబట్టి అదే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. పెరిగింది కాబట్టి మూడో పల్సును ఇంకా బాగా మళ్ళిస్తుంది. పదులకొద్దీ పల్సులయ్యేసరికి ఆ ఒక్క క్రమమే మిగిలి, మిగతా గరుకంతా దాని కింద అణిగిపోతుంది. ఇంకా కొడుతూ పోతే చిన్న గీతలు కలిసి మైక్రాన్ల వెడల్పున్న కాలువలవుతాయి. వందలు, వేలల్లో పల్సులు పడితే కాలువలు తెగి మొనలుగా, దిబ్బలుగా లేస్తాయి. ప్రతి దశా ముందు దశ మీద నిలబడే వస్తుంది. అన్ని పల్సుల శక్తినీ ఒక్క పల్సులో పోసి కొడితే ఈ చారలు రావు, పెద్ద గుంట వస్తుంది.

ఇంత శుభ్రమైన చారలకు ఫెమ్టోసెకండ్ లేజర్లు తగినవి (ఫెమ్టోసెకండ్ అంటే నానోసెకనులో పది లక్షో వంతు). వాటి పల్సు ఎలక్ట్రాన్ల నుంచి పరమాణువులకు వేడి చేరేలోపే ముగిసిపోతుంది కాబట్టి, కరిగి పొర్లిపోయే లోహం చాలా తక్కువ. అంత పొట్టి పల్సులను బలంగా పెంచే పద్ధతిని స్ట్రిక్‌లాండ్, మూరూ 1985లో కనుక్కున్నారు. 2018లో వారికి నోబెల్ వచ్చింది. ఈ లేజర్లతో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చున్‌లీ గువో బృందం చేసిన పనులు చదివినప్పుడల్లా నాకు ఉత్సాహం ఆగదు. 2006 ప్రాంతంలో వాళ్ళు మెరిసే లోహాన్ని, ఏ పూతా వేయకుండా, దాదాపు కాంతినంతా మింగేసే నల్ల లోహంగా మార్చారు. 2008లో లోహాలకు రంగులు తెచ్చారు. ఆ సన్నని గీతల వల్ల వచ్చే కొన్ని రంగులు, లోహాన్ని వంచి చూస్తే మారిపోతాయి. 2009లో బల్బులోని టంగ్‌స్టన్ తీగను లేజర్‌తో నల్లబరచి, అదే కరెంటుకు ఎక్కువ వెలుగు రాబట్టారు. 2015లో ప్లాటినం, టైటానియం, ఇత్తడి మీద నీటి బొట్టు నిలవకుండా ఎగిరిపోయేలా చేశారు. అప్పట్లో ఒక అంగుళం పొడవు, అంగుళం వెడల్పు పలకకు గంట పట్టేదట. ఆ గంటలో పడిన పల్సులెన్నో, ఒక్కోటీ ముందుదాని మీద ఎంత చిన్న మార్పు చేసి ఉంటుందో ఆలోచించండి.

అంత దూరం పోనవసరం కూడా లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో లోహాల ఉపరితలాన్ని నానో స్థాయిలో గరుకుగా మార్చి, దాని సాయంతో పేలుడు పదార్థాల ఆనవాళ్ళను అతి తక్కువ మోతాదులో పట్టే పరిశోధన చేస్తున్నారు. మన నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరులో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ ఫిజిక్స్ చదివే పిల్లలకు ఈ విషయం చాలా దగ్గరగా, చేతికందేలా ఉందని చెప్పాలనిపిస్తుంది.

నీటి విషయం మాత్రం నా మిషన్‌తోనూ కొంత చూడవచ్చు. అల్యూమినియం ముక్క మీద దగ్గర దగ్గరగా గీతల జల్లెడ వేసి, వెంటనే ఒక నీటి బొట్టు వేస్తే అది గీతల వెంబడి సర్రున పాకి పలుచగా పరుచుకుంటుంది. అదే ముక్కను అల్మరాలో కొన్ని వారాలు ఉంచి మళ్ళీ బొట్టు వేస్తే గుండ్రంగా నిలబడుతుంది. ఈ మధ్యలో లేజర్ దాన్ని తాకనే లేదు. గాలిలో ఉండే కార్బన్ సమ్మేళనాలు ఆ కొత్త ఉపరితలానికి పట్టుకుని నీటిని దూరం పెడుతున్నాయి. 2009లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెమ్టోసెకండ్ లేజర్ తాకిన లోహాల మీద ఈ మార్పును రోజుల తరబడి కొలిచారు. పల్సులు ఆగిపోయాక కూడా లోహం మారుతూనే ఉంటుందనడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ ముక్కే. మా నాన్న దాన్ని జేబులో వేసుకుపోయి పక్క దుకాణాల వాళ్ళందరికీ చూపించి వచ్చారు.

పల్సులు లోహాన్ని పాడు చేయడమే కాదు, బలపరచనూ గలవు. లేజర్ షాక్ పీనింగ్‌లో భాగం మీద నల్లని పూత వేసి, పైన పలుచగా నీళ్ళు పారిస్తూ చాలా పెద్ద శక్తి గల పల్సులు వేస్తారు. పూత ఒక్కసారిగా ఆవిరై పేలినప్పుడు నీరు ఆ పేలుడును పైకి పోనివ్వదు. దాని అదురు లోహంలోకి దిగి, సుమారు మిల్లీమీటరు లోతు వరకు లోహాన్ని బిగించి ఉంచుతుంది. అలా బిగిసిన చోట పగుళ్ళు సులువుగా పుట్టవు. విమానం ఇంజన్ల బ్లేడ్లకు 1990ల నుంచి ఇది వాడుతున్నారు. పల్సుల వల్లే అలసట వస్తుంది, పల్సుల వల్లే అలసటను తట్టుకునే శక్తి వస్తుంది. ఏది వస్తుందన్నది పల్సు ఎలా పడిందన్న దాన్ని బట్టి.

ఆ మధ్య ఒకరు పాత పంచలోహ విగ్రహం తెచ్చారు. వీడియోల్లో లేజర్‌తో తుప్పు ఎగిరిపోవడం చూశారట, దీన్నీ అలా మెరిపించమన్నారు. తుప్పు లోహం కన్నా ఎక్కువ కాంతిని పీలుస్తుంది కాబట్టి తక్కువ శక్తికే లేచిపోతుంది, కింది లోహం కాంతిని వెనక్కి పంపి తప్పించుకుంటుంది. ఇది నిజమే. 1970ల మొదట్లోనే వెనిస్‌లో ఆస్మస్ అనే శాస్త్రవేత్త రాతి శిల్పాలను లేజర్‌తో శుభ్రం చేసి చూపించారు. కానీ ఎక్కడ ఆపాలో కొలిచి చెప్పగల నిపుణులు, పరికరాలు వాళ్ళకున్నాయి. తుప్పు పోయాక కూడా పల్సులు పడుతూ ఉంటే కింది లోహం మారడం మొదలవుతుంది. తరాలుగా ఏర్పడిన ఆ ఆకుపచ్చ పొర ఒకసారి పోతే మళ్ళీ తెచ్చేవారు లేరు. ముట్టుకోనని చేతులు జోడించి చెప్పాను.

మరొక్క మాట, దీన్ని మాత్రం గట్టిగా చెబుతున్నాను. 1064 నానోమీటర్ల కాంతి కనిపించదు కాబట్టి కన్ను రెప్ప వేయదు. పాలిష్ పట్టిన చెంబు మొదటి పల్సులను ఎటు తిప్పి కొడుతుందో ముందే చెప్పలేం. చెంబు వంపు, గిన్నె అంచు ఏదైనా సరే అద్దమే. అది రెటీనా మీద పడితే తిరిగిరాని నష్టం. ఆ తరంగదైర్ఘ్యానికి తగిన గాగుల్స్ లేకుండా, మూత తెరిచి పెట్టుకుని, పక్కన చిన్నపిల్లలను నిలబెట్టి రాస్తున్న మిషన్లను జాతరల్లో, ఎగ్జిబిషన్లలో చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. స్టీలు నుంచి లేచే పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి. పొగ లాగే ఫ్యాను పెట్టుకోండి.

చివరగా రాగి. పెద్దాయన ప్రశ్నకు అసలైన జవాబు రాగిలోనే ఉంది. శుభ్రమైన రాగి ఈ కాంతిలో నూటికి 95 పాళ్ళకు పైగా వెనక్కి పంపేస్తుంది. లోపలికి పోయిన కొద్దిపాటి వేడిని కూడా క్షణంలో చుట్టూ పంచేస్తుంది. స్టీలులో మైక్రాను దూరం పోయే వ్యవధిలోనే రాగిలో వేడి ఆరేడు మైక్రాన్లు పోతుంది. అందుకే రాగి బిందె మీద పేరు వేయడానికి పెద్ద మిషన్ కావాలంటారు. నేను ఆ 20 వాట్లతోనే వేస్తాను. మొదటి పాస్‌లో (పాస్ అంటే అక్షరం మీదుగా లేజర్ ఒకసారి పోవడం) పొట్టి పల్సులతో, గట్టి ఫోకస్‌తో మెరుపు పోయేంత వరకే గీకుతాను. అక్షరం అప్పటికి సరిగా కనిపించదు కూడా. కానీ ఆ గరుకు తర్వాతి పాస్ కాంతిని పట్టుకుంటుంది. రెండో పాస్‌కు గీతల కోణం మారుస్తాను, లేకపోతే పాత కాలువల్లోనే పల్సులు పడి అంచులు లేస్తాయి. తర్వాత మరికొన్ని పాస్‌లు. పాస్‌కూ పాస్‌కూ మధ్య బిందె చల్లారేదాకా ఆగుతాను, వేడెక్కిన రాగి రంగు మారుతుంది, అక్షరం చుట్టూ మచ్చ పడుతుంది. నాన్న వేలు రాసి సరే అనేదాకా ఇంకో పాస్ వేస్తూనే ఉంటాను.

దీనికి స్టీలు గిన్నె కన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. పెళ్ళికి రాగి బిందెలు, చెంబులు తెచ్చేవాళ్ళు నిలబడి చేయించుకుపోదామని కాకుండా, ముందు రోజు షాపులో వదిలి వెళ్ళండి. ఎన్ని వాట్లని అడగకపోయినా పరవాలేదు, పేరు ఏ అక్షరాల్లో కావాలో మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి.